కిటికీ తోట కిట్ కొనేవాళ్ళు ఆగండి, విత్తనాల ప్యాకెట్ మీద స్టిక్కర్ లేపి చూడండి

ఆ కిట్ ఎవరైనా ఆర్డర్ పెట్టి ఉంటే ముందు ఇది చదవండి. అమ్మేవాళ్ళ పేరు రాయను, కుండీల్లో ఆకుకూరల వీడియోలు చూసేవాళ్ళకి ఎవరి గురించో అర్థమైపోతుంది.

1,199 రూపాయలు. ఆరు చిన్న కుండీలు, ఒక కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) ఇటుక, కొత్తిమీర, మెంతి, పాలకూర, లెట్యూస్, బేసిల్, పుదీనా విత్తనాలు. పుదీనాకి విత్తనాల ప్యాకెట్ పెట్టినప్పుడే నాకు అనుమానం రావాల్సింది, మన దగ్గర పుదీనా ఎవరైనా కాడ గుచ్చి పెంచుతారు గానీ విత్తనం చల్లరు కదా, అయినా బొమ్మ బాగుందని కొన్నాను. మాది నల్లగొండలో రెండో అంతస్తు అద్దె ఇల్లు, మిద్దె మీద కుండీలు పెట్టనివ్వరు, తూర్పు కిటికీలో పది దాకా ఎండ వస్తుంది, ఆ ఒక్క చోటే మాకున్నది.

కుండీలకి అడుగున రంధ్రాలు కూడా లేవు, మా తమ్ముడు స్క్రూడ్రైవర్ కాల్చి పెట్టాడు, సరే అనుకున్నాను. నవంబర్ మొదట్లో విత్తాను. ఎండాకాలమైతే లెట్యూస్ వేడికి మొలవలేదేమో అనుకోవచ్చు, ఇప్పుడు ఆ మాట కూడా లేదు. పదిహేను రోజులు పొద్దున లేవగానే వెళ్ళి చూసేదాన్ని. మూడు నాలుగు రోజుల్లో పైకి రావాల్సిన మెంతి కూడా రాలేదు.

అప్పుడే ఊరి నుంచి అమ్మ వచ్చింది. మట్టి వేలితో కదిపి, "బిడ్డా, నీళ్ళది కాదు, గింజల సంగతి చూడాలె" అంది. కొత్తిమీర ఆలస్యం చేస్తుంది, మెంతులైతే రెండు రోజుల్లో చెప్తాయని, ప్యాకెట్లో మిగిలిన మెంతులు ఇరవై, మా వంటింటి డబ్బాలోవి ఇరవై లెక్కపెట్టి రాత్రి నానబెట్టి వేరువేరుగా తడిగుడ్డలో కట్టింది. మూడో రోజు విప్పితే డబ్బాలోవి పద్దెనిమిది మొలకెత్తాయి. కిట్‌లోవి రెండు.

అమ్మకి చదువు రాదు. ప్యాకెట్ చేతిలో తిప్పుతూ ఉంటే బొటనవేలికి అంచు తగిలి, "ఇక్కడేదో అంటించిన్రు" అంది. గోరుతో లేపాను. స్టిక్కర్ మీద టెస్ట్ చేసిన తేదీ 2025 ఆగస్టు. కింద అచ్చయి ఉన్న తేదీ 2022 ఫిబ్రవరి. ఆరింటిలో నాలుగు ప్యాకెట్లు ఇంతే. నా చేతులు వణికాయి, నిజంగా.

కిట్ అమ్మినతనికి ఫొటోలు పంపి ఫోన్ చేశాను, స్పీకర్ పెట్టాను, అమ్మ పక్కనే కూర్చుంది. ముందు నీళ్ళు ఎక్కువ పోసి ఉంటారన్నాడు. ఫొటో చూడండి అంటే కాసేపు మాట్లాడలేదు, తర్వాత అన్నాడు: "అయితే ఏంది మేడం, ఇదేమన్నా పత్తి చేనా? కిటికీల నాలుగు కాడలు రాకపోతే గింత లొల్లా?" అని ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేస్తే బ్లాక్.

పత్తి చేనా అని మా అమ్మ ముందు అడిగాడు. మునుగోడు వైపు మాకు నాలుగెకరాలు, నా చిన్నప్పుడు ఒక ఏడు నాన్న తెచ్చిన పత్తి విత్తనం సగానికి సగం మొలవక, అడగబోతే మీకు సాగు చేతకాలేదని షాపాయన పదిమందిలో అన్నాడు. ఆ అప్పు తీరడానికి మూడేళ్ళు పట్టింది. అమ్మ ఏమీ అనకుండా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. 1,199 పోయినందుకు కాదు నాకింత కోపం, ఆ ఫోన్ స్పీకర్‌లో పెట్టింది నేనే, అది మింగుడుపడటం లేదు.

1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాను, బిల్లు, ప్యాకెట్లు, ఫొటోలు దాచి ఉంచాను. డబ్బు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, ఇంత చిన్న మొత్తానికి అక్కడ ఫీజు ఏమీ ఉండదు.

మీరు కొంటే మొలక శాతం, టెస్ట్ తేదీ, ఎప్పటిదాకా పనికొస్తాయన్న తేదీ ప్యాకెట్ మీదే అచ్చై ఉన్నాయో లేదో చూడండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, నేను తీయలేదు. అన్నీ ఒకేసారి విత్తకండి, పది గింజలు తడిగుడ్డలో కట్టి చూశాకే మిగతావి వేయండి. ఇప్పటికే ఈ కిట్ మీ ఇంట్లో ఉంటే స్టిక్కర్ కింద ఏ తేదీ ఉందో కింద కామెంట్‌లో రాయండి, ఫిర్యాదుకి కలుపుతాను.