శ్రీహరికోట దారిలో రెండు రోజులు

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు నడుమ సాగుతుంది. జనవరిలో ఒక ఉదయం ఆరున్నరకే ఆటో మాట్లాడుకుని బయలుదేరాం. రోడ్డు పక్కన నీళ్లలో ఫ్లెమింగోలు ముక్కులు తలకిందులుగా ముంచి మేస్తున్నాయి. "ఎండ ముదిరితే దూరంగా పోతాయి సార్, ఇప్పుడే చూసుకోండి" అన్నాడు ఆటో అబ్బాయి. అతని మాట విని అక్కడే గంటసేపు ఆగాం.

ఎదురుగా కనిపించే పచ్చటి గీతే శ్రీహరికోట దీవి. అలలు తెచ్చి పోసిన ఇసుకే అది. అటు బంగాళాఖాతం, ఇటు సరస్సు. ఆ ఇసుక అడ్డులేకపోతే పులికాట్ లేదు, రొయ్యలు లేవు, ఈ పక్షులూ లేవు. ఇలాంటి ఇసుక నేలలో వాన నీరు కిందికి ఇంకి ఉప్పునీటి మీద తేలుతుంది. అందుకే సముద్రం పక్కనే దొరువు తవ్వినా తాగే నీళ్లు పడతాయి. ఆశపడి ఎక్కువ తోడితే మాత్రం ఉప్పు పైకి వస్తుంది. ఈ తీరంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఆ పలచని నీటి పొరే. దీవిలోని అడవిలో తేనె, కట్టెలు, మూలికలు సేకరించి బతికిన యానాదుల్లో చాలామంది 1969లో రాకెట్ కేంద్రానికి ఈ చోటు ఎంపికయ్యాక బయటికి రావాల్సి వచ్చింది. ఆ సంగతి తెలిశాక అడవిని చూసే చూపు మారింది.

దీవిలోకి ఎప్పుడంటే అప్పుడు వెళ్లనివ్వరు. రాకెట్ ప్రయోగం చూడాలంటే ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. తేదీ మారొచ్చు కాబట్టి తిరుగు టికెట్ ముందే కొనొద్దు.

రెండో రోజు నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్లాం. చెరువులోని కడప చెట్ల మీద గూడబాతుల (పెలికన్ల) గూళ్లు, కింద రెట్టలతో తెల్లబడిన ఆకులు. ఆ రెట్టలు కలిసిన నీరు పొలాలకు ఎరువు. పిల్లలుంటే ముందు ఇక్కడికే తీసుకెళ్లండి, వాచ్‌టవర్ నుంచి గూళ్లు బాగా కనిపిస్తాయి.

బస సూళ్లూరుపేటలోనే మేలు. చెన్నై నుంచి లోకల్ రైలు ఉంది. మేం దిగిన లాడ్జి శుభ్రంగానే ఉంది కానీ ఫోన్‌లో చెప్పిన ధరకు మూడు వందలు ఎక్కువ అడిగారు. గది ధర మెసేజ్‌లో రాయించుకోండి. రోడ్డు మీద నీడ, టాయిలెట్ పెద్దగా దొరకవు. నీళ్లు, టోపీ, బైనాక్యులర్స్ తప్పనిసరి. ఈసారి డిసెంబరులో వెళ్లి, భీమునివారిపాలెం నుంచి పడవలో ఇరకం దీవికి పోవాలని ఉంది.