కుక్క టీ కణాలకు ఏ యాంటీబాడీ: సీఏ17.2ఏ12నా, సీడీ3-12నా?

కుక్కల పేగు వాపు మీద, చర్మపు ఎలర్జీ మీద పనిచేసే పీజీ విద్యార్థులు పదే పదే అడిగే ప్రశ్న ఇది. టీ కణాలకు గుర్తు సీడీ3 అనే ప్రోటీన్; ఈ రెండూ దాన్ని పట్టే యాంటీబాడీలే. చాలామంది కేటలాగులో ‘కుక్క’ అని కనిపిస్తే చాలు, ఆర్డర్ పెట్టేస్తారు. దానికన్నా ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి: ఎపిటోప్ (యాంటీబాడీ పట్టుకునే చోటు) కణం బయట ఉందా, లోపలా? శాంపిల్ తాజా రక్తమా, ఫార్మాలిన్‌లో నానిన ముక్కా?

సీఏ17.2ఏ12 (ఎలుక నుంచి వచ్చిన ఐజీజీ1 రకం యాంటీబాడీ, అంటే మౌస్ ఐజీజీ1) కుక్క సీడీ3 కోసమే తయారైంది. కణం పైన కనిపించే భాగాన్ని పడుతుంది. ఈడీటీఏ (గడ్డకట్టకుండా చేసే రసాయనం) కలిపిన రక్తంలో ఎర్రకణాలను లైసిస్ చేసి (పగలగొట్టి), 10 లక్షల కణాలను 100 మైక్రోలీటర్లలో తీసుకుని, కుక్క సీరంతో బ్లాక్ చేసి 30 నిమిషాలు ఐస్ మీద ఉంచితే ఫ్లో సైటోమెట్రీలో (కణాలను ఒక్కొక్కటిగా కొలిచే మెషీన్‌లో) టీ కణాల గుంపు విడిగా కనబడుతుంది. రక్తంలో సీడీ4 (సహాయక టీ కణాల గుర్తు) లెక్కించేవాళ్లకు ఇది ఉండి తీరాలి. కుక్క న్యూట్రోఫిల్స్ మీద కూడా సీడీ4 ఉంటుంది మరి! వాపు ఉన్న కుక్కలో అవే ఎక్కువ. సీడీ3 గేటు (సీడీ3 ఉన్న కణాలనే లెక్కలోకి తీసుకోవడం) లేకపోతే లెక్క అక్కడే తప్పుతుంది. ఫ్రోజెన్ సెక్షన్లకూ పనికొస్తుంది. ఫార్మాలిన్ తర్వాత మైనంలో పొదిగిన పారఫిన్ ముక్కల దగ్గర మాత్రం దీన్ని నమ్ముకోలేం.

సీడీ3-12 (ర్యాట్ ఐజీజీ1) మనిషి సీడీ3 ఎప్సిలాన్ గొలుసు లోపలి తోకలోని చిన్న పెప్టైడ్‌కు తయారైంది. ఆ తోక జంతువుల్లో పెద్దగా మారలేదు కాబట్టి కుక్కలోనూ పడుతుంది. వరస పెప్టైడ్ కాబట్టి ఫార్మాలిన్‌నీ తట్టుకుంటుంది. దాగిన ఎపిటోప్‌ను తెరవడానికి స్లైడ్‌ను సిట్రేట్ పీహెచ్ 6.0లో 95 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు, ఆ బఫర్‌లోనే మరో 20 నిమిషాలు చల్లారనివ్వాలి. కణజాలంలోని సొంత పెరాక్సిడేజ్‌ను ఆపడానికి 3 శాతం పెరాక్సైడ్‌తో 10 నిమిషాలు. కుక్క లింఫ్ నోడ్ మీద 1:50 నుంచి 1:400 దాకా టైట్రేట్ చేయండి (వేర్వేరు పలుచనల్లో పరీక్షించండి): పారాకార్టెక్స్ (టీ కణాల ప్రాంతం) నిండా గోధుమ రంగు రావాలి, ఫాలికిల్ (బీ కణాల గుంపు) మధ్యలో అక్కడొకటి ఇక్కడొకటి. ఫాలికిల్ అంతా రంగెక్కితే గాఢత ఎక్కువైందన్నమాట.

పేగు బయాప్సీలో ప్లాస్మా కణాలకు రంగు పడితే ప్రైమరీని (సీడీ3ని పట్టే మొదటి యాంటీబాడీని) తిట్టకండి. దాన్ని పట్టి రంగు చూపే యాంటీ-ర్యాట్ సెకండరీ కుక్క సొంత ఇమ్యునోగ్లోబులిన్‌కు అంటుకుని ఉండొచ్చు. ప్రైమరీ లేని స్లైడ్ ఒకటి పక్కన నడిపితే దొంగ దొరుకుతాడు. పక్కన మౌస్ యాంటీబాడీతో డబుల్ స్టెయిన్ చేస్తుంటే, మౌస్ ఐజీజీకి అడ్జార్బ్ చేసిన (మౌస్ ఐజీజీకి అంటుకునే భాగాన్ని ముందే తీసేసిన) సెకండరీయే కొనాలి.

ఒక్కదానికే డబ్బుంటే నా ఓటు సీడీ3-12కే. పాథాలజీ విభాగాల్లో పాత బ్లాకులు బీరువాల నిండా ఉంటాయి. తాజా రక్తాన్ని 24 గంటల్లోపు ఫ్లో మెషీన్ దాకా చేర్చడం అందరికీ కుదరదు. అవసరమైతే కణాలను ఫిక్స్ చేసి పెర్మియబిలైజ్ చేసి (పొరకు రంధ్రాలు చేసి) ఫ్లోలోనూ వాడొచ్చు, కాకపోతే పైపొర మార్కర్లను ముందే స్టెయిన్ చేసుకోవాలి.

కుందేలు పాలీక్లోనల్ (అనేక యాంటీబాడీల మిశ్రమం) కూడా పారఫిన్‌లో బాగానే పనిచేస్తుంది, లాట్ (తయారీ బ్యాచ్) మారినప్పుడల్లా మళ్లీ టైట్రేట్ చేయాలి. పక్క ల్యాబు ఫ్రిజ్‌లో ఊరికే దొరికే సీడీ3 యాంటీబాడీలు ఓకేటీ3, యూసీహెచ్‌టీ1 మనిషి కణాలకే. కుక్క టీ కణాల మీద పట్టవు.