పర్లాకిమిడిలో ప్లంబర్ పని: పైపుల ఢాం ఢాం పోయింది

మా ఇంట్లో బాత్రూం కుళాయి కట్టేస్తే చాలు వెనక గోడ పైపు ఢాం అనేది, రాత్రిపూటైతే అత్తమ్మ ఉలిక్కిపడి లేచేది. ముందొచ్చినాయన మోటారే మార్చాలని చెప్పి 200 పట్టుకుపోయాడు. తర్వాతొచ్చిన ఈ ప్లంబర్ ఒడియా ఆయనే గానీ తెలుగు మనకన్నా బాగా మాట్లాడతాడు, పైపు మీద చెయ్యి పెట్టి నన్ను కుళాయి తిప్పమన్నాడు, కట్టగానే పైపు చేతికింద ఎగిరింది! జోరుగా పారే నీళ్లు ఠక్కున ఆగితే ఆ దెబ్బ పైపుకే తగుల్తుందంట, మాది ప్రెషర్ పంపు, పైగా పైపుని గోడకి పట్టి ఉంచే క్లాంపులు రెండు ఊడిపోయున్నాయి. రబ్బరు ముక్కలు పెట్టి క్లాంపులు బిగించి, పంపు ప్రెషర్ తగ్గించి 350 తీసుకున్నాడు. ఇప్పుడు చిన్న టక్, మెల్లగా కడితే అదీ లేదు. టైముకి మాత్రం రాడు, పదికని చెప్పి ఒంటిగంటకొచ్చాడు.