అమ్మోనియా ఉత్ప్రేరకం: వేడితో సిద్ధం చేయడమా, ప్లాస్మాతోనా?

అమ్మోనియా కర్మాగారంలో పనిచేసే ఇనుప ఉత్ప్రేరకం సాధారణంగా రియాక్టర్‌లోకి ఇనుముగా వెళ్లదు. మాగ్నటైట్ అనే ఆక్సైడ్‌గా వెళ్తుంది. అందులోని ఆక్సిజన్‌ను లాగేస్తేనే అది పనికొస్తుంది. లాగే పని వేడికి అప్పగించాలా, ప్లాస్మాకా (విద్యుత్‌తో ఎలక్ట్రాన్లు విడివడిన వాయువుకా)?

వేడి మార్గం 1913లో జర్మనీలోని ఒప్పావులో మొదలైన కర్మాగారం నాటిది. సుమారు 400 డిగ్రీల వద్ద హైడ్రోజన్ పంపితే ఆక్సిజన్ నీటి ఆవిరై పోతుంది. గింజ పెద్దగా కుంచించుకుపోదు కాబట్టి లోపల సన్నని రంధ్రాలు మిగులుతాయి, దాని సత్తా అంతా వాటిలోనే. చిక్కల్లా ఆ ఆవిరే. తొందరపడితే అది లోపలే పేరుకుని, అప్పుడే ఏర్పడిన ఇనుప స్ఫటికాలను ఒకదానితో ఒకటి అతుక్కునేలా చేస్తుంది. అందుకే రోజుల తరబడి ఓపిగ్గా వేడి పెంచుతారు.

ప్లాస్మాలో వాయువు అంతగా వేడెక్కదు, ఎలక్ట్రాన్లు మాత్రం మహా వేడిగా ఉంటాయి. అవి హైడ్రోజన్ అణువులను చీల్చి పరమాణువులుగా వదిలితే, తక్కువ ఉష్ణోగ్రతలోనే ఆక్సైడ్ నుంచి ఆక్సిజన్ ఊడివస్తుంది. కణాలు అతుక్కోవు. సీరియం ఆక్సైడ్ మీద పరచిన రుథేనియం లోహం లాంటి ఉత్ప్రేరకాలకు ఇది వరం: ఆధారపు ఆక్సైడ్‌లో ఏర్పడిన ఆక్సిజన్ ఖాళీలు నైట్రోజన్‌ను విడగొట్టడంలో లోహానికి తోడ్పడతాయి. కానీ ప్లాస్మా ప్రభావం ప్రధానంగా పైపైనే. కొన్ని మిల్లీమీటర్ల మాగ్నటైట్ గింజ గర్భందాకా చేరదు. టన్నుల కొద్దీ ఇనుముకు వేడే మేలు, సన్నని పొడికి ప్లాస్మా మేలు.

మూడో దారి కూడా ఉంది: ఉత్ప్రేరకం పక్కనే నిరంతరం ప్లాస్మా వెలిగించి, సాధారణ పీడనంలోనే అమ్మోనియా తయారుచేయడం. వినడానికి ముచ్చటగా ఉంటుంది, కరెంటు బిల్లు చూస్తేనే దిగులు. నైట్రోజన్‌లోని త్రిబంధం తెంచడానికి మోల్‌కు 945 కిలోజౌళ్లు కావాలి. పైగా పుట్టిన అమ్మోనియాను అదే ప్లాస్మా మళ్లీ విరిచేస్తుంది. నీటి నుంచి హైడ్రోజన్ తీసి హేబర్-బాష్ పద్ధతిలో, అంటే కర్మాగారాల్లో వాడే అధిక పీడన పద్ధతిలో చేస్తే కిలోవాట్-గంటకు దాదాపు 100 గ్రాముల అమ్మోనియా వస్తుంది. ప్లాస్మా ప్రయోగాల్లో తరచుగా కొద్ది గ్రాములే. విద్యుత్ చాపంతో గాలిలోని నైట్రోజన్‌ను పట్టిన నార్వే పద్ధతి 1905లో నోటోడెన్‌లో మొదలై, చివరకు హేబర్-బాష్ ముందు నిలవలేకపోయింది. ఓడించింది కరెంటు ఖర్చే.

కాబట్టి సన్నని పొడి ఉత్ప్రేరకాల విషయంలో నా ఓటు ప్లాస్మాకే, ఒక షరతు మీద. ఉత్ప్రేరకాన్ని సిద్ధం చేసేటప్పుడు ఒక్కసారి వాడాలి, ఆ తర్వాత ఆర్పేయాలి.