ఉదారవాద స్త్రీవాదమా, రాడికల్ స్త్రీవాదమా?

స్త్రీలకు సమానత్వం దక్కకపోవడానికి లోపం చట్టంలో ఉందని ఉదారవాద స్త్రీవాదం అంటుంది. 1960ల చివర అమెరికాలో రూపుదిద్దుకొన్న రాడికల్ స్త్రీవాదం మాత్రం, పితృస్వామ్యమే (మగవాళ్ల పెత్తనంపై నడిచే వ్యవస్థ) మూలమనీ, కుటుంబం, లైంగికత, ఇంటిచాకిరీ దాన్ని నిలబెడుతున్నాయనీ వాదిస్తుంది.

ఆంధ్రప్రదేశ్ 1986 నాటి సవరణతో అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చినా, విశాఖ మధురవాడలో స్థలం పంచుకొనే వేళ పుట్టింటి రాకపోకలు తెగుతాయన్న భయంతో ఆడపడుచు పసుపు కుంకుమ పుచ్చుకొని హక్కు విడుదల దస్తావేజుపై సంతకం చేస్తుంది. ఆ సంతకం వెనుక కారణాన్ని రెండో వాదమే బాగా చూపుతుంది.

మొదటిదానికి వకీలు ఫీజులు, వాయిదాలు తప్పవు. రెండోదానికి బంధుత్వాలే పణం. పైగా అది స్త్రీలందరినీ ఒకే గాటన కట్టి కులాన్ని మరుస్తుంది (మన దగ్గర ఇది చిన్న లోపం కాదు).

గాజువాకలో 10 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపు ఎదురైతే, పనిచోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం కింద అంతర్గత కమిటీకి ఫిర్యాదు చేసే ఉదారవాద దారే మేలు. ఇల్లు ఎవరి పేరున, వంట ఎవరి వంతు అన్న తగవుకు రాడికల్ దృష్టే పనికొస్తుంది.