కెరీర్ టాక్: ప్రేయర్‌లో మైక్ పట్టుకునా, క్లాసులో కూర్చునా?

నల్గొండ, దేవరకొండ వైపు హైస్కూళ్లలో పదో తరగతి పిల్లలకు కెరీర్ గురించి చెప్పబోయే వాళ్లకు ఇదే టెన్షన్.

ఖర్చు: రెండింటికీ పెద్దగా లేదు.

శ్రమ: ప్రేయర్‌లో ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. క్లాసులైతే సెక్షన్‌కో పీరియడ్, హెడ్మాస్టర్‌ని ముందే అడగాలి.

రిస్క్: ఎండలో నిలబడ్డ పిల్లలు చప్పట్లు కొడతారు గానీ ఒక్కరూ నోరు విప్పరు. క్లాసులో మాత్రం "పాలిసెట్ (పాలిటెక్నిక్ డిప్లొమా ఎంట్రన్స్) రాస్తే ఇంజినీరింగ్ పోయినట్టేనా సార్?" అని అడుగుతారు, అప్పుడు మూడేళ్ల డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చని బోర్డు మీద గీసి చూపించొచ్చు, నాకైతే ఆ ఒక్క ప్రశ్న కోసమే వెళ్లాలనిపిస్తుంది.

బాసర ట్రిపుల్ ఐటీ దరఖాస్తు తేదీల్లాంటివి అందరికీ చేరాలంటే ప్రేయర్ మేలు. ఇంట్లో "ఇక చదువు చాలు" అంటున్న ఆడపిల్లలున్న బడిలో మాత్రం క్లాసే, అదీ తొందరపడకుండా.