పాంథియాన్: గైడు చెప్పని ఇటుకల కథ

రోమ్‌లో నాలుగు రోజులున్నాం. తెర్మిని స్టేషన్ దగ్గర గది, మెట్రో, కొలోసియం అన్నీ సవ్యంగా సాగాయి. కడుపు మండింది పాంథియాన్ అనే పాత రోమన్ గుడి దగ్గర ఒక్కచోటే.

మేము వెళ్ళినప్పుడు టికెట్టు 5 యూరోలు. ఆ సంగతి తెలియక, బయట ఎదురైన గైడు "వరుసలో నిలబడక్కర్లేదు" అంటే నమ్మి, మనిషికి 25 చొప్పున ముగ్గురికి 75 యూరోలు ఇచ్చాను. తీరా చూస్తే అందరితో పాటు అదే వరుస. మా ఆవిడ గంటసేపు నాతో మాట్లాడలేదు. ఇరవై నిమిషాల్లో ముగించి వెళ్ళిపోయిన ఆ గైడు, ముఖమండపం మీది అక్షరాలు చూపించి "ఇది అగ్రిప్పా కట్టించిన గుడి" అన్నాడు. డబ్బు పోయినందుకన్నా నాకు ఈ మాటకే ఎక్కువ కోపం వచ్చింది.

అగ్రిప్పా అనే రోమన్ సేనాని క్రీస్తు పూర్వం కట్టించిన గుడి క్రీ.శ. 80లో కాలిపోయింది. డొమిషియన్ చక్రవర్తి మళ్ళీ కట్టిస్తే 110లో పిడుగు పడి అదీ కాలింది. ఇప్పుడున్నది ట్రాజన్ చక్రవర్తి చివరి రోజుల్లో మొదలై, ఆయన తర్వాత వచ్చిన హాడ్రియన్ కాలంలో పూర్తయిందని పండితుల మాట. హాడ్రియన్ తన పేరు వేసుకోకుండా అగ్రిప్పా పేరే ఉంచాడు.

ఈ గుట్టు విప్పినవి ఇటుకలు. రోమన్ బట్టీల వాళ్ళు పచ్చి ఇటుక మీద ముద్ర వేసేవారు. 1892లో షెడాన్ అనే ఫ్రెంచి వాస్తుశిల్పి ఇక్కడి ముద్రలు పరిశీలించాకే కట్టడం హాడ్రియన్ నాటిదని తేలింది.

మా మావయ్యగారు కొవ్వూరు దగ్గర ముప్పై ఏళ్ళు ఇటుక బట్టీ నడిపారు. ఆయన ఇటుకల మీద కూడా రెండక్షరాల ముద్ర ఉండేది. ఈ సంగతి చెప్పగానే పక్క సందులోకి దారి తీశారు. అక్కడ గోడకు పాలరాయి లేదు, ఇటుకలే. వెడల్పుగా, పలచగా ఉన్న ఇటుకల మధ్య సున్నం పొరను వేలితో కొలిచారు. గోడలోనే కట్టిన కమానులు చూపించి, "పైబరువును ఇవి పక్కలకు తోసేస్తాయి బాబూ" అన్నారు. ఇటుక పైపొరే, లోపలంతా కాంక్రీటు. గుమ్మటంలో పైకి వెళ్ళేకొద్దీ తేలిక రాళ్ళు కలిపారు, శిఖరం దగ్గర నురగరాయి. 43 మీటర్ల వెడల్పు, ఒక్క ఇనుప ఊచ లేదు.

మీరు వెళితే ముందు ఆ సందు చూసి, తర్వాతే లోపలికి వెళ్ళండి. గైడు అక్కర్లేదు.

మావయ్యగారు మళ్ళీ లోపలికి వెళదామన్నారు. ఈసారి కౌంటర్‌లో ముగ్గురికీ 15 యూరోలు కట్టాను. గుమ్మటం నడిమి కన్ను, అంటే పైనున్న గుండ్రటి రంధ్రం నుంచి పడే వెలుగు గోడ మీద జరుగుతుంటే, మూసే వేళ దాకా ఆయన తల దించలేదు.